పదో మనిషిని తెచ్చేవాడు

పది మంది జమ కాకుండా సీసా మూత తీయొద్దు. కరోనా టీకా మొదలైన రోజుల్లో పైనుంచి మాకు వచ్చిన మాటల్లో అన్నింటికంటే గట్టిగా వచ్చింది ఇదే. ఒక్కో సీసాలో పది మందికి సరిపడా మందు ఉండేది. ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. పారబోస్తే ఎందుకు పారబోశారో సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని మొదట్లో మా సెంటర్లో పొద్దస్తమానం మేం చేసిన పని సూదులు వేయడం కాదు, పదో మనిషి కోసం వాకిలి వైపు చూడటం.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన నర్సమ్మాయిలు కొందరు ఇప్పటికీ నన్ను చూడటానికి వస్తుంటారు. "మేడమ్, మీరంతా అప్పుడు యుద్ధం చేశారట కదా, చెప్పండి" అంటారు. యుద్ధమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. మాకోసం బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళే, ఏడాది తిరిగేసరికి మా గేటు పట్టుకుని ఊపుతూ నానా మాటలూ అన్నారు. అన్నవాళ్ళను నేను తప్పుపట్టను. ఇంట్లో ముసలి తల్లిదండ్రుల్ని పెట్టుకుని, రోజూ అంబులెన్సు కూతలు వింటూ, పొద్దున్నే వచ్చి లైన్లో నిలబడ్డ మనిషికి 'స్టాక్ లేదు' అన్న అట్ట ముక్క కనిపిస్తే కడుపు మండదా? నాకే మండేది. ఆ అట్ట ముక్క నా చేత్తోనే రాశాను కాబట్టి ఎవరి మీద అరవాలో తెలిసేది కాదు.

నేను చెప్పేది యుద్ధం కథ కాదు. ఆ గేటు దగ్గర నిలబడ్డ ఒక మనిషి సంగతి. విని ఏం చేసుకుంటారో మీ ఇష్టం.

అమీర్‌పేటలో నా చివరి పోస్టింగ్. కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక, ఫొటోస్టాట్ దుకాణాల సందులో, రెండు గదులూ ఒక రేకుల షెడ్డూ ఉన్న చిన్న సర్కారు దవాఖాన. ఊళ్ళు తిరుగుతూ గర్భిణీలకూ పసిపిల్లలకూ టీకాలు వేసి వేసి, చివరికి సూపర్‌వైజర్‌నై అక్కడికి వచ్చాను. మా డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చిన చిన్నపిల్ల, మంచిది, కానీ పైనుంచి ఫోన్ మోగితే చాలు కుర్చీలోంచి లేచి నిలబడేది. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త ఒకామె, నోటి దురుసు మనిషి, కాళ్ళలో చక్రాలున్నట్టు తిరిగేది. ఇక గేటు దగ్గర మా వాచ్‌మన్. ఏజెన్సీ వాళ్ళు పెట్టిన మనిషి. యాభైకి దగ్గర పడ్డ వయసు. సిద్దిపేట దిక్కు పల్లె. వ్యవసాయం కలిసిరాక పట్నం చేరి, పంజాగుట్ట వెనక బస్తీలో ఒక గదిలో సంసారం పెట్టాడు. పెళ్ళాం ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్ మెస్‌లో వంట చేసేది. పది మందిలో నన్ను 'మేడమ్' అనేవాడు, ఎవరూ లేనప్పుడు 'అక్కా' అనేవాడు. నేనతన్ని 'తమ్మీ' అనేదాన్ని.

మార్చిలో ముసలివాళ్ళకు టీకా వేయమన్నారు. ముసలివాళ్ళు రాలేదు. ఒకరికి షుగరు, ఒకరికి అల్లుడు వద్దన్నాడు, ఒకరు ఫోన్లో ఏదో వీడియో చూశారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు సైతం "ఇంకో రెండు నెలలు చూద్దామండీ, తొందరేముంది" అని నాకే సలహా ఇచ్చారు. ఏడుగురో ఎనిమిది మందో వచ్చి కూర్చునేవాళ్ళు. సీసా తీయలేం. వచ్చినవాళ్ళు గంట చూసి, రెండు గంటలు చూసి, గొణుక్కుంటూ లేవబోయేవాళ్ళు. అప్పుడు మా వాచ్‌మన్ విజిల్ మెడలో వేసుకుని బయటికి నడిచేవాడు.

అదేం విద్యో గానీ ఉత్త చేతుల్తో తిరిగొచ్చిన రోజు లేదు. మెట్రో స్టేషన్ కింద, చాయ్ బండి దగ్గర, మెడికల్ షాపు మెట్ల మీద ఎక్కడో ఒకచోట అరవై దాటిన మనిషిని పట్టేవాడు. దారి పొడుగునా అతని ప్రసంగం మాకు లోపలికే వినిపించేది.

"ఏం భయం పెద్దాయనా! ఆధార్ కార్డు జేబుల ఉన్నదా? ఉన్నది గదా, ఇంగేంది? చీమ కుట్టినట్టు గంతే. నేనేస్కున్న, నాకేమైంది? గుర్రం లెక్క ఉన్న, సూడు!"

'నేనేస్కున్న, నాకేమైంది?' అంటూ కుడిచేత్తో ఎడమ భుజం చరుచుకునేవాడు. ఆ మాట అనగానే భయపడేవాళ్ళ మొహంలో తేడా కనిపించేది. డాక్టర్లు చెబితే నమ్మనివాళ్ళు, టీవీ చెబితే నమ్మనివాళ్ళు ఈ నీలం చొక్కా మనిషి భుజం చూసి నమ్మేవాళ్ళు. జామకాయలమ్మే పెద్దమ్మ ఒకామె ఉండేది మెట్రో మెట్ల పక్కన. తట్ట వదిలి రానంటే తట్ట తన నెత్తిన పెట్టుకుని మరీ పిలుచుకొచ్చాడు. సూది అయ్యాక ఆమె అరగంట కూర్చోవాలి కదా, అంతసేపూ గేటు దగ్గర జామకాయలు తనే అమ్మాడు. మేమంతా నవ్వుకున్నాం. ఆ రోజు ఆమే పదో మనిషి.

అతను వేయించుకున్నాడని మాకెట్లా తెలుసంటారా? అతనే చెప్పాడు. దవాఖాన సిబ్బందికి వేసిన రోజున "బీపీ ఎక్కువున్నది మేడమ్, ఇయ్యాల ఒద్దు" అన్నాడు. నాలుగు రోజులయ్యాక తన ఇంటి దగ్గర సెంటర్లో వేయించుకున్నానన్నాడు. రెండు రోజులు చెయ్యి పట్టేసిందని మూలిగాడు. ఒక పూట జ్వరమని సెలవు పెట్టాడు. ఇంకో నెలకు రెండోది కూడా అయిందన్నాడు. ఎవరు అడుగుతారు, ఎందుకు అడుగుతారు? మన మనిషే కదా.

ఉగాది అయ్యాక అంతా తలకిందులైంది. రెండో విడత జబ్బు ఊరి మీద పడింది. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి. పరుపులు మడిచి భుజాన వేసుకుని పిల్లలు ఊళ్ళకు పోతుంటే మా సందంతా వెలవెలబోయింది. మందులషాపుల ముందు మాత్రం జనం. పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ ఆగితే ఒక అంబులెన్సు వెనక ఇంకొకటి కనిపించేది. మార్చిలో బతిమాలినా రానివాళ్ళంతా తెల్లవారకముందే మా గేటు ముందు చెప్పులు వరసగా పెట్టి, చాయ్ బండి దగ్గర కాపలా కాయడం మొదలుపెట్టారు.

స్టాకు మాత్రం రాదు. వచ్చిన రోజు ఎంతొస్తుందో తెలియదు. ఒకరోజు ఒక డబ్బా, రెండు రోజులు సున్నా. పైగా ఆన్‌లైన్లో స్లాటు దొరికిందని ఉప్పల్ నుంచి, మియాపూర్ నుంచి కార్లలో వచ్చేవాళ్ళు. చెప్పులు పెట్టుకుని కూర్చున్న మా గల్లీవాళ్ళు వాళ్ళను చూసి భగ్గుమనేవాళ్ళు.

"మా గల్లీల దవాఖాన, మాకే లేదా? గీ కార్లోళ్ళకేనా సూదులు?"

"నాకు మెసేజ్ వచ్చింది బాబూ, ఇదిగో చూడు. నేనేమైనా గోడ దూకి వచ్చానా?"

"మెసేజ్ మాకెందుకు రాదు? మాకు టచ్ ఫోన్ లేదని సస్తమా?"

ఇంతలో బంజారా హిల్స్ నుంచి ఎవరో పెద్దమనిషి తరఫున డాక్టరమ్మకు ఫోన్. నాలుగు డోసులు పక్కన పెట్టమని. ఆ పిల్ల ఫోను పెట్టి నా మొహం చూసేది. నేను కిటికీలోంచి గేటు చూపించేదాన్ని. "నువ్వు పోయి వాళ్ళకు చెప్పమ్మా, నాలుగు తక్కువున్నాయని" అనేదాన్ని. ఆమె చెప్పలేదు, పక్కన పెట్టలేదు కూడా. దానికి తర్వాత ఎన్ని మాటలు పడిందో నాకు తెలుసు.

ఆ జనానికీ మాకూ మధ్య నిలబడింది వాచ్‌మన్ ఒక్కడే. టోకెన్లు అతని చేతుల మీదుగానే పోవాలి. వందమంది మొహం మీద మొహం పెట్టి అరుస్తుంటే, మాస్కు గడ్డం కిందికి జారిపోతుంటే, విజిల్ ఊది ఊది గొంతు పోయేది. డాక్టరమ్మ ఒకసారి "పాపం, లోపలికి పిలుద్దామండీ, గేటు దగ్గర అద్దం పలక అడ్డం పెట్టి ఇంకెవరినైనా నిలబెడదాం" అంది. ఆశా కార్యకర్త తీసిపారేసింది. "ఆయనకేం డాక్టరమ్మా, రెండు డోసులైనయ్. మనతోటే అయినయ్."

నిజమే కదా అనుకున్నాం అందరం.

అప్పుడే ఇంకో ఆజ్ఞ వచ్చింది. మొదటి డోసులు ఆపేయండి, రెండో డోసు వాళ్ళకు మాత్రమే వేయండి అని. ఆ సాయంత్రం గేటుకు గొలుసు వేసి వచ్చి, నేను చేతులు కడుక్కుంటుంటే తలుపు దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

"అక్కా, ఒక మాట. కోపం చెయ్యొద్దు."

"ఏంది తమ్మీ?"

"నాకు సూది పడలేదక్కా."

నాకు అర్థం కాలేదు. మూడో డోసు ఏదో అడుగుతున్నాడనుకున్నాను.

"ఒక్కటి సుత పడలేదు. ఎక్కడా ఏస్కోలే. ఉత్తగనే చెప్పిన."

నా చేతిలో సబ్బు జారిపోయింది. "ఓరి నీ బుద్ధి కాల! చెయ్యి నొస్తదని మూలిగినవ్ గదరా?"

తల దించుకున్నాడు. "చిన్నగున్నప్పుడు మా అన్నకు జ్వరమొస్తే సూదేసిండ్రు. వికటించి పోయిండు. నా పక్కన్నే పండుకున్నడు అప్పుడు. సూది అంటేనే నాకు పాణం పోతది. మొదట్ల భయమైందక్కా. అందరికీ ఏస్కున్ననని చెప్పినంక సిగ్గయింది. ఈ గేటు కాడ నేనే లైన్ల నిలబడితే జనం ఏమనుకుంటరు? ఇన్ని రోజులు గీ అబద్ధం మాటలు చెప్పి మమ్మల్ని లోపటికి నూకినవా అనరా?"

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు గా భయం కన్న ఈ భయం పెద్దగున్నది." గేటు వైపు చూపించాడు.

కొట్టాలన్నంత కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. మార్చిలో సీసాలు మనుషుల కోసం ఎదురుచూస్తుంటే, వాటి కోసం ఊరంతా గాలించి మనుషుల్ని తెచ్చినవాడు తను మాత్రం ఆ కుర్చీలో కూర్చోలేదు. ఇప్పుడు కూర్చుంటానంటే మొదటి డోసు ఇవ్వడానికి నాకు వీల్లేదు. ఆలోచించి ఒక దారి చెప్పాను. రోజు చివర సీసా తెరిచాక పది మందిలో ఎవరైనా వెళ్ళిపోతే, మిగిలింది ఎట్లాగూ పారబోసేదే. అది నీకు వేస్తాను, ఎవరేమన్నా నేను చూసుకుంటాను అన్నాను. అతని మొహం విప్పారింది. "ఎవలకు తెల్వొద్దు అక్కా" అన్నాడు.

మర్నాడు చివరి సీసా తెరిచాక పదో మనిషి ఆగలేక వెళ్ళిపోయాడు, తొమ్మిది మంది మిగిలారు. నాలుగు గంటల గడువు దగ్గర పడింది. ఒక్క డోసు మిగిలింది. లైను లేదు, సందంతా అప్పుడే పెట్టిన లాక్‌డౌన్ వేళకు భయపడి ఖాళీ అయింది. నేను సిరంజి సిద్ధం చేసి, కిటికీలోంచి చెయ్యి ఊపాను. అతను గేటు మూయడానికి గొలుసు అందుకున్నాడు.

అప్పుడు వచ్చింది జామకాయల పెద్దమ్మ. మెట్రో వైపు నుంచి, కొంగు మూతికి చుట్టుకుని, రొప్పుకుంటూ.

"ఓ కొడుకా, మూయకురా! రెండోది తప్పకుండ ఏస్కోవాలన్నవ్ గదా నువ్వే! ఇయ్యాలనే నా తారీఖు. బస్సులు లేక నడుసుకుంట వచ్చిన."

నేను సిరంజి పట్టుకుని కిటికీ దగ్గరే ఉన్నాను. 'అయిపోయింది పెద్దమ్మా' అంటే సరిపోతుంది. రోజుకు రెండు వందల మందికి ఆ మాట చెప్పే మనిషి. అతను గొలుసు చేతిలో పట్టుకుని అట్లా నిలబడిపోయాడు. తర్వాత గేటు తీసి, ఆమె జబ్బ పట్టుకుని మెట్లెక్కించి, నా గది గుమ్మం దాకా తెచ్చి వదిలాడు. నా వైపు చూడలేదు. తిరిగి వెళ్ళి గేటు దగ్గర తన స్టూలు మీద కూర్చున్నాడు.

పెద్దమ్మకు వేశాను. వేయక ఏం చేయను? ఆమెదే ఆ డోసు. పోయేటప్పుడు ఆమె అతని తల నిమిరి పోయింది. నేను బయటికి వచ్చి "రేపు" అన్నాను. "రేపు మేడమ్" అన్నాడు. పక్కన ఎవరూ లేరు, అయినా మేడమ్ అన్నాడు.

ఆ రేపు వచ్చేసరికి అతనికి జ్వరం. తర్వాత దగ్గు. ఆ రోజు సూది పడి ఉన్నా అతనికి ఉపయోగం ఉండేది కాదని నాకు తెలుసు. టీకా పని చేయడానికి వారాలు పడుతుంది, జబ్బు అప్పటికే ఒంట్లో ఉండుంటుంది. ఎవరైనా 'అయ్యో, ఆ ఒక్క డోసు' అంటే నేను ఒప్పుకోను. పోయింది ఆ ఒక్క డోసు కాదు, మార్చి నెల మొత్తం. పెద్దాసుపత్రిలో మంచం కోసం డాక్టరమ్మ కళ్ళనీళ్ళతో ఎన్ని ఫోన్లు చేసిందో. చివరికి దొరికింది. దొరికిన మూడో రోజు పోయాడు. మనిషిని ఇంటికి తేలేదు. బస్తీవాళ్ళెవరూ చూడలేదు. మేమూ చూడలేదు.

గేటుకు కొత్త మనిషి వచ్చాడు. జనాన్ని చూసి బెదిరిపోయి లోపలే కూర్చునేవాడు.

వానాకాలం మొదలయ్యేసరికి స్టాకు రావడం మొదలైంది. మొదటి డోసులు మళ్ళీ వేయమన్నారు, పెద్దలందరికీ వేయమన్నారు. ఫ్రిజ్ నిండా సీసాలు. ఇక చెప్పులు వరసగా ఉంటాయనుకున్నాం. ఆఫీసులవాళ్ళు, హాస్టల్ పిల్లలు కొందరు వచ్చారు. పంజాగుట్ట వెనక బస్తీ నుంచి మాత్రం ఒక్కరు రారు. ఆశా కార్యకర్త తిరిగి తిరిగి వచ్చి కుర్చీలో కూలబడింది.

"మేడమ్, తలుపులు మొహం మీదనే ఏస్తుండ్రు. రెండు డోసులేస్కున్న వాచ్‌మనే పోయిండు, మాకెందుకు మీ సూది అంటుండ్రు. దవాఖానల పనిచేసెటోన్నే కాపాడలే, మమ్మల్నేం కాపాడుతరు అంటుండ్రు. ఆయన పెండ్లామే చెప్తుందట అందరికీ, గవర్నమెంటు సూదే చంపిందని."

అప్పటికి నిజం తెలిసింది నా ఒక్కదానికే. ఆ పూట ఆమెకూ డాక్టరమ్మకూ చెప్పేశాను. డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"బయటికి చెప్పకండి మేడమ్, ప్లీజ్. టీకా వేయని మనిషిని గేటు దగ్గర ఎలా నిలబెట్టారని మనల్నే అడుగుతారు. అది పోనివ్వండి. పోయిన మనిషిని అబద్ధాలకోరు అని ఎలా చెప్తామండీ? ఆయన వల్లే కదా మార్చిలో అంతమంది వచ్చింది."

"మంచిగున్నది! బతికున్నోళ్ళ సంగతేంది మరి?" అంది ఆశా కార్యకర్త. "మల్లొకసారి జబ్బు మీద పడితే ఆ బస్తీల ఎవలు మిగులుతరు? ఒక్క మాట చెప్తే అయిపోయేదానికి?"

ఇద్దరిదీ నిజమే. అదే నాకు అన్నిటికంటే చిరాకు. ఒకరిది తప్పయితే ఎంత సులువుగా ఉండేది! ఆ మాట ముందు ఎవరికి చెప్పాలో మాత్రం నాకు తెలుసు. సాయంత్రం ఎస్.ఆర్. నగర్ నడిచాను.

హాస్టల్ వెనక సందులో, మెస్ తలుపు దగ్గర పీట వేసుకుని అతని భార్య దొండకాయలు తరుగుతోంది. హాస్టల్ అప్పుడే మళ్ళీ తెరిచారు. నన్ను చూసి లేవలేదు. "ఏం మేడమ్, ఇట్లొచ్చినవ్" అంది కత్తి మీంచి చూపు ఎత్తకుండా. పక్కన కూర్చున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ మరిచిపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. అన్న సంగతి, భయం సంగతి, సిగ్గు సంగతి, ఆ సాయంత్రం సంగతి.

కత్తి ఆగింది.

"ఎడమ చెయ్యి లేస్తలేదన్నడు" అంది నెమ్మదిగా. "రెండు రోజులు ఉప్పు మూట ఏడి చేసి కాపడం పెట్టిన నేను. అమ్మా, అబ్బా అనుకుంట మూలిగిండు. ఏం నొస్తలేని చెయ్యికా?"

తరిగిన దొండకాయలు పక్కకు తోసింది.

"రెండో తాప సుత పెట్టిన. పొద్దంతా ఈడ నిలబడి వండి, ఇంటికి పోయి మల్ల ఆయనకు కాపడం పెట్టిన." ఆమె గొంతు పెరిగింది. "ఇప్పుడు చెప్తున్నవా? ఇన్ని దినాలు మీ సూది నా మొగన్ని చంపిందని తిట్టుకుంట బతుకుతున్న. తిట్టుకుంటనే అన్నం వండుతున్న, తిట్టుకుంటనే పంటున్న. ఇప్పుడు ఎవల తిట్టాలె నేను? చెప్పు! పిరికోడని నా మొగన్నే తిట్టాల్నా?"

"పిరికోడు కాదు చెల్లె. ఆఖరుది మిగిలితే..."

"వద్దు. ఇగ పో మేడమ్. నీకు దండం పెడత, పో."

లేచి వచ్చేశాను. మైత్రీవనం దగ్గర రోడ్డు దాటుతూ, పోయినవాడి పరువూ తీశాను, ఉన్నదాని ఊతమూ తీశాను అనుకున్నాను. గేటు దగ్గర నిలబడి ఆ మాట జనానికి చెప్పడం నా వల్ల కాదని ఆశా కార్యకర్తకు చెప్పేశాను. ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు ముసురు పట్టింది. సెంటర్లో నరపురుగు లేదు. మధ్యాహ్నం వాచ్‌మన్ భార్య వచ్చింది. తడిసిన గొడుగు గుమ్మం బయట ఆనించి, ఆధార్ కార్డు బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఒక్కతే వచ్చింది. ఇంకో తొమ్మిది మంది వచ్చే ఆశ ఆ వానలో లేదు. 'మీరు రేపు రండి, పది మంది అయ్యాక' అనడమే మా పద్ధతి. ఆ మాట ఎన్ని వందల మందికి చెప్పానో లెక్కలేదు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను ఫ్రిజ్ తెరిచి సీసా తీశాను, మూత తీశాను. ఆ పిల్ల సిరంజి అందించింది. తనే వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

సూది దిగేటప్పుడు ఆమె కళ్ళు మూసుకోలేదు. భుజం వైపే చూసింది. "గింతేనా?" అంది.

"గంతే చెల్లె."

"గీ దీనికా!" అంది.

అరగంట కూర్చోమన్నాను. కూర్చోలేదు. గేటు దగ్గరికి నడిచి, అతను కూర్చునే స్టూలు చూసింది.

ఆ తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, మీరు ఏదో గొప్పగా ఊహించుకోకుండా. ఆ సాయంత్రం సీసాలో మిగిలిన మందు చాలావరకు పారబోశాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. రిటైరయ్యే ముందు నా మీద పడిన ఆఖరి మచ్చ అదే, దానికి నాకేం దిగుల్లేదు. తర్వాత వారాల్లో బస్తీవాళ్ళు కొందరు వచ్చారు, కొందరు రానే రాలేదు. రానివాళ్ళలో ఎవరేమయ్యారో అడిగే ధైర్యం నాకు లేదు.

కానీ ఆ మధ్యాహ్నం, రోడ్డుకు అవతల చాయ్ బండి టార్పాలిన్ కింద బస్తీవాళ్ళు ఆరేడుగురు వానకు ఆగి నిలబడ్డారు. ఆమెను గుర్తుపట్టి చూస్తున్నారు. వాచ్‌మన్ పెండ్లాం, సూది చంపిందని తిట్టే మనిషి, ఆ దవాఖానలోంచే బయటికి వస్తోంది. ఆమె గేటు చువ్వ పట్టుకుని, అతను నిలబడే చోటే నిలబడింది. తడుస్తూనే కొంగు పక్కకు లాగి, కుడి చేత్తో ఎడమ భుజం చరిచింది.

"మా ఆయన ఏస్కోలే!" అని అరిచింది రోడ్డవతలికి. "ఉత్తగనే చెప్పిండు మీకు! నాకు సుత గట్లనే చెప్పిండు! నేనేస్కున్న!"

అంతవరకు అచ్చం అతని గొంతే. లోపల మేం ముగ్గురం తర్వాతి మాట కోసం చూశాం. వందసార్లు విన్న మాట. నాకేమైంది, అనాలి.

ఆమె నోరు తెరిచింది. ఆ మాట రాలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. గేటు చువ్వ మాత్రం వదల్లేదు.